కాంఫ్రీ పెంచాలా, గిరిపుష్పం చాలా? తిరుపతి ఎండకు ఏ ఆకు ఎరువు నయం

ఇంగ్లండు తోటల వీడియోలు చూసేవాళ్లకు కాంఫ్రీ అనే ఎరువు మొక్క పేరు కొత్త కాదు. గాడిద చెవుల్లాంటి పెద్ద ఆకులు, వాటిని బకెట్లో మురగబెట్టడం, ఆ నల్లనీళ్లు పోసిన టమాటా చెట్టు గుత్తులు గుత్తులుగా కాయడం. నేనూ అవి చూసే మొదలుపెట్టాను. తిరుపతిలో మా మిద్దె మీద కొన్నాళ్లు, కింద పెరట్లో కొన్నాళ్లు పెంచాను. పలమనేరు వైపు రెండెకరాల్లో టమాటా వేసే మా తమ్ముడి చేత కూడా పెట్టించాను. నా దగ్గర ఫలానా చోటు ఉంది, కాంఫ్రీ పెట్టమంటారా అని అడిగేవాళ్లకు ఒక్క మాటలో జవాబు చెప్పలేను. మీది మిద్దె తోటా, పెరడా, పొలమా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ముందు ఒక ప్రశ్న వేసుకుంటే మిగతా లెక్కంతా తేలికవుతుంది: ఈ ఎరువులోని సరుకు ఎక్కడి నుంచి వస్తోంది? కాంఫ్రీ, కాయ పట్టడానికి కావలసిన పొటాష్‌ను పుట్టించదు. లోతుకు దిగే లావాటి వేరుతో కింది మట్టిలో ఉన్నదాన్ని లాగి ఆకులో పెట్టుకుంటుంది, మనం ఆ ఆకు కోసి పైమట్టికి ఇస్తాం. మొక్క నేలలో ఉంటే అది లాభమే. పద్దెనిమిది అంగుళాల సంచి, అదే గ్రో బ్యాగ్‌లో ఉంటే లోతు ఎక్కడుంది? మీరు పోసిన వర్మీ కంపోస్టునే తిని, అందులో సగం ఆకుగా తిరిగి ఇస్తుంది. కుడిచేతి డబ్బులు ఎడమచేతిలో పెట్టుకుని ఆదాయం అనుకున్నట్టు. ఇది నాకు రెండు బ్యాగులు, ఒక ఎండాకాలం దండగయ్యాక గానీ అర్థం కాలేదు.

కాంఫ్రీ సంగతి

మంచి మాటలు ముందు చెప్పుకుందాం. కాంఫ్రీ ఆకులో పీచు తక్కువ. కోసి మొక్క మొదట్లో పరిస్తే కొన్ని రోజుల్లో నల్లగా మెత్తబడి మట్టిలో కలిసిపోతుంది. మామిడాకు మాదిరి నెలల తరబడి గలగలలాడుతూ పడి ఉండదు. పశువుల ఎరువుతో పోలిస్తే వాడిపోయిన కాంఫ్రీ ఆకులో నత్రజని, భాస్వరం కాస్త అటూ ఇటూగా సమానమే. పొటాష్ మాత్రం మూడు నాలుగు రెట్లు. కాయ పట్టే టైములో టమాటాకూ మిరపకూ కావలసింది అదే.

ఈ లెక్కలకు ప్రచారం తెచ్చింది లారెన్స్ హిల్స్ అనే ఇంగ్లీషాయన. 1950లలో ఎసెక్స్‌లోని బాకింగ్ అనే ఊళ్లో రకరకాల కాంఫ్రీలను పెంచి, వేరుచేసి, నంబర్లు పెట్టాడు. అందులో 14వ నంబరుది మంచి పేరు. దాని గొప్ప ఏమిటంటే గింజ కట్టదు, కాబట్టి తోటంతా మొలవదు. వేరు ముక్కతోనే పెంచాలి.

ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే నా డబ్బులు మిగిలేవి. ‘బాకింగ్ 14 ఒరిజినల్ సీడ్స్’ అని ఆన్‌లైన్‌లో కనిపిస్తే సంబరంగా తెప్పించుకున్నాను. ప్యాకెట్లో ఇరవై గింజలు. గింజే కట్టని రకానికి గింజలు ఎలా వచ్చాయని అప్పుడు తట్టలేదు. ఒక్కటీ మొలవలేదు. అవి మామూలు కాంఫ్రీ గింజలే అయినా మొలకెత్తడానికి కొన్ని వారాల చలి తగలాలి. మన ఊళ్లో ఆ చలి ఫ్రిజ్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు. కాబట్టి గింజల ప్యాకెట్ల జోలికి పోవద్దు. కొంటే వేరు ముక్కే కొనండి, అదీ మొక్కను కళ్లారా చూసి. ఇంకో భయమూ ఉంది. పువ్వు లేనప్పుడు డిజిటాలిస్ అనే పూలమొక్క ఆకు కూడా దాదాపు ఇలాగే ఉంటుంది, అది గుండెకు విషం. కాంఫ్రీ అనుకుని దాన్ని టీ కాచుకుని ఆస్పత్రి పాలైనవాళ్లు విదేశాల్లో ఉన్నారు.

చివరికి కొడైకెనాల్‌లో ఉండే స్నేహితురాలు తడి గుడ్డలో చుట్టి నాలుగు వేరు ముక్కలు పంపింది. చిటికెన వేలంత లావు, పైన నల్ల తోలు, విరిస్తే లోపల తెల్లగా జిగురు. నవంబరు వానల్లో రెండు మిద్దె మీద బ్యాగుల్లో, రెండు కింద బాత్రూం నీళ్లు పోయే వైపు కొబ్బరి చెట్టు నీడలో పెట్టాను. సంక్రాంతికల్లా నాలుగూ జానెడు జానెడు ఆకులు వేశాయి. ఆకు మీద గరుకు నూగు, చేతికి గుచ్చుకుని దురద పెడుతుంది. గ్లౌజులు లేకుండా కొయ్యకండి.

మార్చి వచ్చింది. మిద్దె మీదవి పొద్దున నిక్కి ఉండేవి, పదకొండింటికి తడిసిన గుడ్డల్లా వాలిపోయేవి, సాయంత్రం నీళ్లు పోస్తే మళ్లీ లేచేవి. ఏప్రిల్‌లో లేవడం మానేశాయి. నలభై దాటే ఎండ, కింద సిమెంటు వేడి. యూరప్‌లో వాగుల ఒడ్డున, తడి గట్ల మీద పెరిగే మొక్కకు ఇంకేం మిగులుతుంది? ఇంకా వాడిందని రెండు పూటలా నీళ్లు పోసి, ఉన్న వేరును కుళ్లబెట్టింది నేనే. కిందవాటికి కూడా మే నెలలో ఆకులు మాడి నేలమట్టం అయ్యాయి, పోయాయనుకున్నాను. జులైలో నాలుగు చినుకులు పడగానే అదే చోట చిగురు వేశాయి. అంటే తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు పల్లపు ఊళ్లలో కాంఫ్రీ బతుకుతుంది, కానీ నీడా తడీ ఉన్న నేలలోనే. అది కూడా ఏడాదిలో ఏడెనిమిది నెలలే ఆకు ఇస్తుంది. పలమనేరు, కుప్పం, మదనపల్లె ఎత్తు ప్రాంతాల్లో దీనికి కాస్త సుఖం. తమ్ముడి దగ్గర బోరు తొట్టి పక్కన ఉన్నది నాదానికి రెట్టింపు ఉంటుంది.

పెట్టే చోటు బాగా ఆలోచించి పెట్టండి. తర్వాత వద్దనుకుని తవ్వితే తెగిన ప్రతి వేరు ముక్కా ఇంకో మొక్క అవుతుంది.

బకెట్ నీళ్లు, బంధువులు

కాంఫ్రీ ఆకుతో ఎరువు నీళ్లు చేసే పద్ధతి తేలికే. మొగ్గ వేసే ముందు, నేల నుంచి రెండంగుళాలు వదిలి ఆకు కోస్తాం. కిలో ఆకుకు పదిహేను లీటర్ల నీళ్లు పోసి మూత పెడతాం. ఇంగ్లండులో నెల, నెలన్నర ఆగమంటారు. మన వేడికి నాకు పన్నెండు నుంచి పదిహేను రోజుల్లో ఆకు కరిగిపోయి, ఈనెలు మాత్రం తేలుతున్నాయి. ఈ నీళ్లు వడకట్టి అలాగే పోయొచ్చు. రెండో పద్ధతిలో నీళ్లే పోయరు. అడుగున చిల్లి పెట్టిన బకెట్లో ఆకు కుక్కి, పైన ఇటుక బరువు పెడితే కింద పెట్టిన గిన్నెలోకి తారులాంటి రసం దిగుతుంది. దాన్ని పది నుంచి ఇరవై రెట్ల నీళ్లలో కలిపి పొయ్యాలి. వాసన తక్కువ, చోటు తక్కువ. మిద్దె మీదైతే ఈ రెండో పద్ధతే చెయ్యండి.

ఎందుకంటున్నానంటే, తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు తెలుసు, మనకు చుట్టాలు చెప్పి రారు, దర్శనం టికెట్టు దొరికితే వస్తారు. నెల్లూరు నుంచి మా వదిన కుటుంబం దిగిన రోజు సాయంత్రం, చల్లగాలికని అందరం మిద్దె ఎక్కాం. ఆ రోజే బకెట్ పదిహేనో రోజు. నేను మర్చిపోయి గొప్పగా మూత తీసి చూపించాను. "ఏందత్తా, డ్రైనేజీ పగిలిందా?" అన్నాడు మేనల్లుడు. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిందికి దిగిపోయింది. పశువుల కొట్టం కంపు మనకు అలవాటే, ఇది దాన్ని మించుతుంది. చేతికి అంటితే సబ్బుతో మూడుసార్లు కడిగినా రాత్రి అన్నం ముద్ద దగ్గర గుర్తొస్తుంది.

ఏ ఆకు మురగబెట్టినా సరే, మూత కింద పాత పంచె గుడ్డ బిగించి కట్టండి. రెండు రోజులు తెరిచి ఉంచితే దోమలు గుడ్లు పెడతాయి. ఎరువు మాట దేవుడెరుగు, డెంగీ టెన్షన్ మొదలవుతుంది.

"అక్కా, ఇది గొర్రెలు తింటాయా?"

తమ్ముడు మొక్కను చూడగానే అడిగిన మొదటి ప్రశ్న ఇది. రైతు కదా. తింటాయి, కానీ పెట్టకూడదు. ఒకప్పుడు కాంఫ్రీని పశుగ్రాసంగా గొప్పగా ప్రచారం చేశారు. తర్వాత దీనిలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విషాలు ఉన్నాయనీ, అవి కాలేయాన్ని దెబ్బతీస్తాయనీ తేలింది. కాంఫ్రీ కలిసిన ఆహార సప్లిమెంట్లను అమ్మకం నుంచి తీసెయ్యమని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2001లో చెప్పింది. విరిగిన ఎముకల మీద పట్టు వెయ్యడానికి అక్కడివాళ్లు దీన్ని వాడేవాళ్లు, మనం నల్లేరును తలుచుకున్నట్టు. కానీ నల్లేరు పచ్చడి చేసుకున్నట్టు కాంఫ్రీ పచ్చడి చేసుకోవద్దు. బజ్జీలు వేసే వీడియోలు కూడా ఉన్నాయి, నమ్మకండి.

మరి ఎరువుగా వేస్తే కూరల్లోకి రాదా? కుళ్లే ఆకుల నుంచి ఈ ఆల్కలాయిడ్లు మట్టి ద్వారా పక్క మొక్కలోకి పోవడం పరిశోధనల్లో కనిపించింది. అందుకని టమాటా, వంగ, మిరప, మల్లె, మందారాలకు వేస్తాను. తోటకూర, పాలకూర, కొత్తిమీర కుండీలకు చుక్క కూడా పొయ్యను. ఆకుకూరలకు అసలు కావలసింది నత్రజని. అది కాంఫ్రీ కన్నా బాగా ఇచ్చేవి మన దగ్గరే ఉన్నాయి.

గిరిపుష్పం

గిరిపుష్పం అన్నా, గ్లిరిసిడియా అన్నా గుర్తుపట్టనివాళ్లు కూడా చెట్టును చూస్తే గుర్తుపడతారు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, కొమ్మ నిండా లేత గులాబీ పూలు పూస్తుంది. పప్పుజాతి చెట్టు. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో పట్టుకుంటుంది. సరుకు ఎక్కడి నుంచి వస్తోందన్న ఇందాకటి ప్రశ్నకు దీని జవాబు వేరు: ఇది మన మట్టిలోది తిప్పి ఇవ్వడమే కాదు, బయటి నుంచి కొత్తగా తెస్తుంది. ఎండు ఆకు బరువులో నత్రజని రెండున్నర నుంచి మూడు శాతం దాకా ఉంటుంది. ఆకు కూడా త్వరగానే చివుకుతుంది.

పలమనేరులో తమ్ముడు కాంఫ్రీ ఒక్కటి పెట్టాడు, గిరిపుష్పం గట్టు పొడుగునా పెట్టాడు. నేనేమీ చెప్పలేదు, లెక్క వాడే వేసుకున్నాడు. రెండెకరాల టమాటాకు కాంఫ్రీతో ఎరువు వెయ్యాలంటే కొన్ని వందల మొక్కలు కావాలి, వాటికి వేరే తడి కావాలి, కొయ్యడానికి కూలి కావాలి. గిరిపుష్పం గట్టు మీద ఉంటుంది, పంట చోటు తినదు. మొదటి వానకు రెండు మూరల పొడుగున్న ముదురు కొమ్మ నాటితే చిగురు వేస్తుంది, మొదటి ఏడాది కుదురుకున్నాక నీళ్లు అడగదు. రెండో ఏడాది నుంచి ఏటా రెండు మూడుసార్లు నరకొచ్చు. నరికిన రెమ్మలను సాళ్ల మధ్య పరిస్తే ఎండకు మట్టి కాలకుండా కప్పుగానూ పనికొస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పొటాష్ విషయంలో కాంఫ్రీ అంత పేరు లేదు. గ్లిరిసిడియా అన్న పేరులోనే ‘ఎలుకలను చంపేది’ అన్న అర్థం ఉంది, బెరడూ గింజా ఎలుకల మందుగా వాడేవాళ్లు. గొర్రెలు, మేకలు తింటాయి, గుర్రానికీ కుక్కకూ మంచిది కాదు. నరకడం మానేస్తే పెద్ద చెట్టై నీడ పెడుతుంది. మిద్దె తోటవాళ్లు పెంచక్కర్లేదు. రోడ్ల పక్కన, లేఅవుట్ల కంచెల్లో బోలెడు ఉంటుంది, స్థలం వాళ్లని అడిగి ఒక గోతం ఆకు తెచ్చుకుంటే చాలు. దొరకని చోట కానుగ ఆకు తెచ్చుకోండి, అదీ ఈ కోవదే, కాకపోతే నిదానంగా చివుకుతుంది.

ఇంకా పంట వెయ్యని పొలమైతే ఈ గోలంతా లేకుండా జనుమో జీలుగో లాంటి పచ్చిరొట్ట పైరు చల్లి, పూతకొచ్చాక దున్నేయడం అన్నిటికన్నా చవక.

మిద్దె తోటకు: చెక్క, బోదె, బూడిద

గ్రో బ్యాగులవాళ్లకు కాంఫ్రీ వద్దన్నాక ఏం వాడాలో చెప్పాలి. బ్యాగులోకి సరుకు బయటి నుంచే రావాలి.

నత్రజనికి శనక్కాయ చెక్క, అంటే గానుగలో నూనె తీశాక మిగిలేది. చిత్తూరు జిల్లాలో శనక్కాయ పండించే ఊళ్లకు, గానుగలకు కొదవ లేదు. చెక్కలో నత్రజని ఏడు శాతం దాకా ఉంటుంది, భాస్వరం, పొటాష్ ఒకటిన్నర చొప్పున. గుప్పెడు, అంటే వంద గ్రాములు, లీటరు నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, పిసికి, పదింతల నీళ్లలో కలిపి పోస్తాను. మూడో రోజు దాటితే ఇదీ కంపే, కాంఫ్రీకి తమ్ముడు వరస. పొడిగా కుండీలో చల్లితే చీమలు, ఎలుకలు పండగ చేసుకుంటాయి. ఒకసారి అలా చల్లి, తెల్లారి వచ్చి చూస్తే మిరప నారు మొత్తం తవ్వేసి ఉంది.

పొటాష్‌కు అరటి బోదె. దీనికి తిరుపతిలో ఉన్నంత సౌకర్యం ఇంకెక్కడా లేదంటాను. ముహూర్తాల సీజన్‌లో కల్యాణ మండపాల గుమ్మాలకు కట్టిన అరటి చెట్లు మర్నాడు చెత్తబండి కోసం ఎదురుచూస్తుంటాయి. అడిగితే సంతోషంగా ఇచ్చేస్తారు. బోదె నిండా నీరే, ఆ నీటిలో పొటాష్ దండిగా ఉంటుంది. చక్రాలుగా కోసి, ఒక్కో చక్రాన్ని నాలుగు ముక్కలు చేసి బ్యాగు మట్టి మీద పరిస్తే పదిహేను ఇరవై రోజుల్లో కుంగి నల్లబడుతుంది. ఎండకు మట్టి ఆరకుండా కాపాడుతుంది, వాసన లేదు. కాంఫ్రీ చెయ్యాల్సిన పని ఇది చేస్తుంది, దానికోసం ఒక మొక్కను ఎండాకాలమంతా కాపాడాల్సిన పని లేదు. కోసేటప్పుడు పాత బట్టలు వేసుకోండి, బోదె మరక పోదు. తొక్కలు కూడా వెయ్యొచ్చు గానీ పైన వదిలేస్తే ఈగలు, మట్టి కింద కప్పాలి.

బూడిద గురించి ఒక జాగ్రత్త. కట్టెల పొయ్యి బూడిదలో పొటాష్ ఉంది, నిజమే. కానీ అది సున్నం గుణం కలది. మన బోరు నీళ్లు అసలే ఉప్పు నీళ్లు. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పూత పేరుకుని ఉంటే అందులో బూడిద వెయ్యకండి. ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, మనమేమో ఎరువు చాల్లేదని ఇంకా వేస్తాం. వాన నీళ్లతోనో కార్పొరేషన్ నీళ్లతోనో పెరిగే కుండీలైతే నెలకు ఒక చెంచా చాలు.

జీవామృతం మాట ఎత్తకపోతే ఊరుకోరు. రెండొందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల పంచితం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, రెండు రోజులు పులియబెట్టడం. ఆవున్న ఇంటికి దీన్ని మించింది లేదు. కాకపోతే ఇది ప్రధానంగా మట్టిలో సూక్ష్మజీవులకు తోడు వేసే పాలలాంటిది. కాంఫ్రీతో పోల్చి ఇదా అదా అనడం సరికాదు, రెండూ వేరే పనులు. నలభై బ్యాగులకు రెండొందల లీటర్ల డ్రమ్ము అక్కర్లేదు, ఇరవయ్యో వంతు లెక్కన ఒక బకెట్ చేసుకుని వారంలోపు వాడెయ్యండి.

ఎవరికి ఏది

మిద్దె మీద బ్యాగులే ఉంటే కాంఫ్రీ కొనకండి. శనక్కాయ చెక్క పదిహేను రోజులకోసారి, పూత మొదలయ్యాక అరటి బోదె. ముచ్చట తీరకపోతే పెద్ద డ్రమ్ములో, గోడకు తూర్పున, మధ్యాహ్నం నీడ పడే చోట ఒక్కటి పెట్టి చూడండి, కానీ దాని మీద లెక్కలు వేసుకోకండి.

పెరడు ఉండి, గిన్నెలు కడిగిన నీళ్లో బియ్యం కడుగో పోయే చోట అర నీడ ఉంటే రెండు కాంఫ్రీ మొక్కలు పెట్టొచ్చు. మూడోది అక్కర్లేదు. నా రెండు మొక్కల నుంచి ఆగస్టు నుంచి మార్చి దాకా నాలుగైదు కోతలు వస్తాయి, పన్నెండు టమాటా, మిరప మొక్కలకు సరిపోతుంది. ఇంట్లో మేక గానీ, ఆకు పీకి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు గానీ ఉంటే అదీ వద్దు.

పొలం ఉంటే గట్టు మీద గిరిపుష్పం, అందులో ఆలోచించేదేం లేదు. పట్టుపురుగులు పెంచేవాళ్లైతే తట్టల్లో మిగిలిన మల్బరీ పుల్లా పెంటా ముందు వాడుకోండి, దానికి ఇవేవీ సాటి రావు.

టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లుతోందని కాంఫ్రీ కోసం వెతికేవాళ్లు చాలామంది కనిపిస్తారు. అది పొటాష్ లోపం కాదు. కాల్షియం కాయకు అందకపోవడం వల్ల వస్తుంది, ఎక్కువసార్లు దానికి కారణం ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచెత్తే నీళ్లు. పొటాష్ అతిగా పోస్తే ఇంకా పెరుగుతుంది కూడా. ముందు నీళ్ల టైము సరిచేసుకోండి, బకెట్ సంగతి తర్వాత చూడొచ్చు.

పెట్టాలని తేల్చుకున్నవాళ్లు ఈశాన్య రుతుపవనం వానల్లో, అక్టోబరు చివర నుంచి నవంబరు లోపల పెట్టండి. వేరు ముక్క రెండంగుళాలది చాలు, అడ్డంగా పడుకోబెట్టి రెండంగుళాల మట్టి కప్పాలి. మొదటి ఏడాది ఆకు కొయ్యకండి, వేరు దిగనివ్వండి. మే నెలలో మాయమైతే తవ్వి చూడకండి. నేను తవ్వి చూసి ఒకదాన్ని నాలుగు చేసుకున్నాను.